వంతు

ఏడున్నరకి
నూకరత్నం వాళ్ల అరుగు మీద పదిహేను జతల చెప్పులు.
లోపల ఒకటే టీవీ, ఒకటే ట్యూబులైటు,
ఒళ్లో దారపుండలు, వేళ్ల సందున లేసు సూదులు.
నర్సాపురం ఏజెంటు గజాల్లో కొలుచుకునేవాడు,
మా లెక్క వేరే:
ఎపిసోడుకి రెండు పువ్వులు.
సబ్బు ప్రకటనకి ఉండ చుట్టుకోవడం,
సిమెంటు ప్రకటనకి మంచినీళ్లు.

చారుమతిని అత్తగారు గుమ్మం బయటికి నెట్టిన రోజున
ఎస్తేరు పిన్నికి లెక్క తప్పి
పన్నెండు రేకుల పువ్వుకి పదమూడోది మొలిచింది.
ఏజెంటు తిరగ్గొట్టాడు.
ఆ ముక్కే ఇప్పటికీ ఆవిడ మంచినీళ్ల బిందె మీద.

కాలవ నీరులా వచ్చేది కథ.
లాకులు ఎత్తినప్పుడే, మన వంతుకే.
ఆదివారం కట్టేసేవారు.
శనివారం చివర్లో గుమ్మంలో నీడొకటి పడి ఆగిపోతే
రెండు రాత్రులు ఆ నీడ మా ఊరిదే.
"వాడే, ఆ నడక చూళ్లేదూ" అని నూకరత్నం,
"కాదు, చచ్చాడనుకున్న మొగుడు" అని రేవులో పేరంటాలు.
పందెం పావుకిలో ఎండు నెత్తళ్లు.
ఓడింది ఎవరైనా కూర అందరిదీ.

ఇప్పుడు ఇంటికో బోరు.
ఎవరి మీట వాళ్లది, అర్ధరాత్రైనా తోడుకోవచ్చు.
నూకరత్నం కోడలు ధనకుమారి ఒకటిన్నర వేగంలో చూస్తుంది,
ఏడుపులన్నీ కోడిపిల్లల కీచులాటలే.
కొత్త కథలో పిల్ల పేరు మధులత.
నూకరత్నం ఇంట్లో ఇంకా పెళ్లికూతురు,
పేరంటాలు చేతిలో ఏడో నెల,
రొయ్యల షెడ్డులో రాత్రి కాపలా కాసే వీర్రాజు ఫోనులో
ఇంకా కాలేజీకి సైకిలు తొక్కుతోంది.
మా ఇంట్లో
చచ్చిపోయి మూడ్రోజులు.

తప్పు నాదే. అరవై రెండు భాగాలూ
మూడు రాత్రుల్లో, దుప్పటి కింద లాగించేశాను.
తెల్లారి చెప్పుకుందామంటే
ఊళ్లో ఎవరూ అక్కడిదాకా రాలేదు.
"చెప్పకు, చెప్పకు" అని చెవులు మూసుకుని
బజార్లో నన్ను చూసి పక్క సందులోకి తిరిగారు.
మైల పట్టినదాన్నయ్యాను,
ఒక్కదాన్నే.

ఎస్తేరు పిన్ని దగ్గరికెళ్లాను.
రెండు కళ్లకీ శుక్లాలు. వింటుందంతే,
వేళ్లు వాటి పని అవి చూసుకుంటాయి.
మనవడి ఫోను స్టీలు గ్లాసుకి ఆనించి
రోజుకి ఒకటే. ఏడున్నరకే.
రెండోది దానంతటదే మొదలవబోతే
టక్కున బోర్లించేస్తుంది.
"రేపటిది రేపు. అన్నీ ఇవాళే తినేస్తే
రేపు పొద్దున్న ఏం మాట్లాడుకుంటామే?"
ప్రకటనలు లేవుగా, మధ్యలో తనే ఆపుతుంది.
మేం ఉండ చుట్టుకునేదాకా
మధులత సగం తెరిచిన నోటితో ఆగి ఉంటుంది.

నిన్నటికి నలభై ఒకటి.
ఇంకా ఇరవై ఒక్క రోజులు బతుకుతుంది ఆ పిల్ల.

"దీని మొగుడు మంచోడేనంటావా?"
నాకు తెలుసు. పాలలో ఏం కలిసిందో,
ఆ గ్లాసు ఎవరి చేతిలోంచి వచ్చిందో.
"చూద్దాం పిన్నీ" అంటాను.
అన్నాక కాసేపు
నాకూ తెలియనట్టే ఉంటుంది.

రాత్రి సముద్రం వైపు గాలి లేచి సిగ్నలు పోయింది.
తెర మీద చిన్న చక్రం,
మొదటి చుట్టు దాటని పువ్వులా అక్కడక్కడే తిరుగుతోంది.
"ఏవైందే, మాట్లాడరే?"
"ఆలోచిస్తున్నారు పిన్నీ."
"ఆలోచించనీ. తొందరేముంది."

బయట కొబ్బరాకుల హోరు.
నా ఒళ్లో పువ్వుకి రేకులు లెక్కపెట్టాను.
పదమూడు.
విప్పలేదు.