మెరుపు బిళ్ళ

టాలిన్‌లో దిగిన మూడోవారం
ఓల్ఫాకి పదకొండు అంకెలు ఇచ్చారు.
పుట్టిన తేదీ అందులో ఉంది.
స్ఫాక్స్ రేవు ఉప్పుగాలి పట్టలేదు.
కార్డు చేతికొచ్చాక కలంతో పని లేకపోయింది.
అద్దె కాగితం, బ్యాంకు, మందుల చీటీ,
గుట్టుగా నొక్కే నాలుగంకెలకి అన్నీ తలుపులు తీశాయి,
మనుషులు తప్ప.

ఊరికే అనేశాను గానీ, అది అన్యాయం.
ఇక్కడివాళ్ళు తలుపు తీస్తారు,
చలి లోపలికి రాకుండా
సందు సందుగా తీస్తారు.

ఆఫీసు ఒకప్పటి వైర్ల ఫ్యాక్టరీ.
కప్పునున్న ఇనుప కొక్కేల్ని అందానికని వదిలేశారు.
లిస్బన్‌లో ఎవరో కాఫీ తాగితే
ఆ రెండు యూరోలు రెండుసార్లు పోకుండా
చూడటం ఓల్ఫా పని.
రాత్రి మూడింటికి ఫోను మోగితే
దుప్పటిలోంచే లాప్‌టాప్ తెరుస్తుంది.

తొమ్మిదిన్నరకి అందరూ గుండ్రంగా నిలబడతారు.
"శుక్రవారానికల్లా మనం దీన్ని సరిచెయ్యాలి"
అంటాడు ఉర్మాస్.
లేక, "మేము" అన్నాడా?
తెలుగులో చెప్పుకుంటున్నాం కాబట్టి వచ్చిన చిక్కు ఇది.
అతనన్నది ఇంగ్లీషులో, అక్కడ రెంటికీ ఒకటే మాట.
ఇంటికెళ్ళి అతను మాట్లాడే ఎస్టోనియన్‌లో ఒకటే.
ఆమె కలలు కనే అరబ్బీలోనూ ఒకటే.
ఆ మాటకి లోపలుందో బయటుందో
అడగడానికి ఆమె దగ్గర వ్యాకరణమే లేదు.
భోజనాల బల్లమీద కబుర్లు
మెల్లగా వాళ్ళ భాషలోకి జారిపోతాయి.
ఎవరికో గుర్తొచ్చి "సారీ ఓల్ఫా" అంటూ
ఇంగ్లీషులోకి ఎక్కొస్తారు.
నవ్వు మాత్రం కిందే ఉండిపోతుంది.

డిసెంబరులో మూడుంబావు దాటితే పొద్దు లేదు.

కోప్లీలో ఆమె ఉండే చెక్క ఇంటి కింది వాటాలో జినాయిదా.
ప్స్కోవ్ నుంచి డెబ్బై ఒకటిలో వచ్చింది
ఓడలకి వెల్డింగు చెయ్యడానికి.
అప్పుడు దారిలో సరిహద్దు లేదు.
ఆమె కూర్చున్నచోటే కూర్చుంది,
దేశమే లేచి పక్కకి జరిగింది.
ఇప్పుడామె సొరుగులో
ఏ దేశం పేరూ ఒప్పుకోని బూడిదరంగు పాస్‌పోర్టు.

కట్టెల మోపు మెట్లమీద దించి అడిగింది:
"ఏ ఫ్యాక్టరీకి వచ్చావు?"
ఓల్ఫాకి రష్యన్ రాదు. ఆమెకి ఇంగ్లీషు రాదు.
ఇద్దరికీ మిగిలింది ఎస్టోనియనే,
ఒకరిది ఏడో పాఠం దాటనిది,
ఒకరిది మూడుసార్లు పరీక్ష తప్పినది.
"కంప్యూటర్ల ఫ్యాక్టరీకి."
"జీతం ఆలస్యం చెయ్యరుగా?"
"చెయ్యరు."
"బూట్లు ఇస్తారా?"
"బూట్లా? ఇవ్వరు."
"మాకు ఇచ్చేవారు" అంది ముసలామె.
ఈ "మాకు" దగ్గర మాత్రం నాకే అనుమానమూ లేదు.

తర్వాత ఓల్ఫా నల్ల కోటుని కిందికీ పైకీ చూసి
లోపలికెళ్ళి ఒక బిళ్ళ తెచ్చింది,
చేప ఆకారం, తోక దగ్గర కాస్త విరిగింది.
పిన్నీసుతో జేబుకి వేలాడదీసింది, మోకాలి ఎత్తున.
"ఇది లేకుండా చీకట్లో నడిస్తే జరిమానా.
కారు తోలేవాడికి నువ్వు లేవు."

చేపకి సొంత వెలుగు లేదు.
పగలు చూస్తే ఉత్త ప్లాస్టిక్కు.
ట్రామ్ స్టాపులో ఆ సాయంత్రం
మలుపు తిరిగిన బస్సు దీపాలు ఒక్కసారి తుడిచిపోతే
ఏడో ఎనిమిదో బిళ్ళలు భగ్గుమన్నాయి
తేనెటీగ, చక్రం, గుడ్లగూబ, మధ్యలో చేప.
మొహాలు తెలియలేదు.
మళ్ళీ చీకటి. ఎవరో దగ్గారు.

ఆ రాత్రి మూడింటికి ఫోను మోగింది.
పొద్దున గుండ్రంగా నిలబడ్డప్పుడు
ఉర్మాస్ కంటే ముందు ఓల్ఫా నోరు విప్పింది,
గొంతు ఇంకా నిద్రలోనే ఉంది:
"నిన్న తప్పు చేసింది మనమే."
ఒకటి రెండు తలలు ఊగాయి. ఒకరు టీ కలుపుకున్నారు.

ఆమె అన్నది ఆ ఒక్క మాటే.
నేను "మేము" అని రాసి, కొట్టేసి,
"మనం" అని రాశాను.
తప్పయితే ఆమే దిద్దుతుంది.