ఓన్లీ

అమీర్‌పేట, మూడో అంతస్తు.
కింద ఇడ్లీ బండి, పక్క గదిలో జావా,
పై గదిలో బ్యాంకు పరీక్షల కోచింగు.
మా గదిలో నలభై కుర్చీలు, ఒక్క ఫ్యాను.
ఆ ఫ్యాను చప్పుడు మీదుగా నేను అరుస్తాను:
ఐ యామ్ హ్యావింగ్ కాదు. ఐ హ్యావ్.
నలభై నోళ్ళు: ఐ హ్యావ్.

ఏడేళ్ళుగా ఇదే నా బువ్వ.
మైసెల్ఫ్ అని లేచినవాణ్ణి
మై నేమ్ ఈజ్ అనిపించి కూర్చోబెట్టడం,
కజిన్ బ్రదర్‌లోంచి బ్రదర్‌ని
పంటి డాక్టరులా పీకేయడం,
హాట్ హాట్ చాయ్‌లో ఒక హాట్‌ని వడకట్టడం.
'ప్రీపోన్ డిక్షనరీలో చేరింది మేడమ్' అంటాడొకడు, ఫోను చూపిస్తూ.
చేరనీ నాయనా,
నీ ఇంటర్వ్యూ చేసేవాడి చెవిలో ఇంకా చేరలేదు.

మొన్న బుధవారం జంగమ్మ వచ్చింది.
నలభై దాటి ఉంటాయి. సనత్‌నగర్‌లో మందుల కంపెనీ,
మాత్రల అట్టలు పెట్టెల్లో సర్దే పని.
సూపర్‌వైజర్ కావాలంటే
ఇంగ్లీషు నాలుగు ముక్కలు రావాలన్నారట.

కుటుంబం గురించి చెప్పమన్నాను.
లేచింది. కొంగు సర్దుకుంది.
'టు మీ త్రీ సిస్టర్స్ ఆర్ దేర్.
వన్ ఈజ్ నాట్ దేర్.'

వెనక వరస నవ్వింది.

ఐ హ్యావ్ త్రీ సిస్టర్స్ అనాలి, అన్నాను.
'హ్యావ్ అంటే?'
కలిగి ఉండటం.
'చెల్లెండ్లను ఎట్ల కలిగి ఉంటం మేడం?
ఇల్లా, బండా? నాకు ఉన్నరు. గంతే.'
మరి లేని ఆమెకు?
ఐ హ్యాడ్, అన్నాను, మెల్లగా.
'అంటే ఇప్పుడు కాదనా?
సచ్చిపోయినా చెల్లెలే కద.'

చాక్‌పీసు నా వేళ్ళ మధ్య పొడి పొడి అయింది.

మలక్‌పేట బడి, ఆరో తరగతి.
సిద్దిపేట నుంచి కొత్తగా వచ్చినదాన్ని,
ఆలస్యమెందుకైందంటే
'బస్సు దొరకలే సార్, నడ్సుకుంట ఒచ్చిన' అన్నాను.
క్లాసంతా ఇదే నవ్వు. ఇదే వెనక వరస.
ఒచ్చిన కాదమ్మా, వచ్చాను,
పదిసార్లు రాయి, అన్నారు సారు.
రాశాను. ప్రతి క్రియ చివరా
ఒక 'ను'ని మేకులా దిగ్గొట్టుకున్నాను.
ఇంటికి పోయి 'అన్నం తింటాను' అంటే
అమ్మ గిన్నె పట్టుకునే నిలబడిపోయింది:
'గిదేం మాట బిడ్డా, రేడియో లెక్క?'
ఆ మేకు ఊడలేదు.
దాని మీదే ఈ ఉద్యోగం తగిలించుకున్నాను.

వేర్ డు యూ వర్క్?
'సనత్‌నగర్ ఓన్లీ.'

ఓన్లీ కొట్టేయాలి. పుస్తకం అదే చెబుతుంది.
కానీ ఆ ఓన్లీ వెనక
సనత్‌నగర్‌లనే అని సాగదీసిన ఒక దీర్ఘం
తలుపు సందులోంచి పిల్లలా చూస్తోంది.
దాన్ని కోసి పడేస్తే
ఆమె సనత్‌నగర్‌లో పనిచేస్తుందని తెలుస్తుంది,
ఇరవై రెండేళ్ళుగా ఇంకెక్కడా కాదని తెలియదు.

అయినా కొట్టేశాను.
శుక్రవారం ఆమెకు ఇంటర్వ్యూ,
ఆ నాలుగు వేల జీతం తేడా
నా పశ్చాత్తాపం కడుతుందా?

ఐ హ్యావ్ త్రీ సిస్టర్స్.
పదిసార్లు చెప్పించాను. చెప్పింది.
ప్రతిసారీ త్రీ దగ్గర కొంచెం ఆగింది.
నోట్‌బుక్‌లో నా వాక్యం రాసుకుని
దాని కింద తన వాక్యం కూడా రాసుకుంది, చిన్నగా.
నేను చూడనట్టే ఉన్నాను.

వెళ్తూ గుమ్మం దగ్గర తిరిగింది.
'మీదే ఊరు మేడం?'

ఏడు గంటల బ్యాచ్ మెట్ల మీద తోసుకుంటోంది.
ఎవరిదో బ్యాగు నా భుజానికి తగిలింది.
నోరు తెరిచాను, మేకు కోసం తడుముకున్నాను.

సిద్దిపేట.
సిద్దిపేట దగ్గర్నే.