కొలత చెంబు

కాగితం మీద మూడే ప్రశ్నలు.
కర్నూలులో రెండు రోజులు ఫ్యాను కింద కూర్చోబెట్టి నేర్పినారు:
తిట్టినట్టు అడగొద్దు,
జవాబు విన్నాక నొసలు ముడవొద్దు.

ఆత్మకూరు దాటి, తారు ఆగిపోయినాక మా గూడెం.
బీపీ పట్టీ విప్పుతా అడిగినాను
మండ్లి ఈదన్నను. నాకు వరసకు పెదనాయన.
"నెలకు ఎన్నిసార్లు తాగుతావు?"
"ఏ నెల?" అన్నాడు.
"తేనె దొరికిన నెలా, దొరకని నెలా?"

నా పెన్ను గడి మీదే నిలబడింది.

తాగిన రోజు ఎన్ని గ్లాసులు? ఇది రెండోది.
గ్లాసు ఏ ఇంట్లో ఉంది గనక?
మోదుగాకు దొప్ప ఉంది, సీసా మూత ఉంది,
సొట్టలు పడిన సిలవరు చెంబు ఒకటి ఉంది.
సీసా ఒకటి, చుట్టూ ఆరుగురు,
చేతులు మారుతూ పోయేదాన్ని
ఒక్క మనిషి కింద ఎట్లా రాసేది?
మొదటి చుక్కలు నేలకు, గారెల మైసమ్మకు.
ఆమె లెక్క ఎవరి ఖాతాలో వేసేది?

కాగితం మడిచి సంచిలో పెట్టినాను.
బిందె ముందుకు జరిపి, చెంబు చేతికిచ్చి,
"రాత్రి పోసుకున్నంత నీళ్లు పోసి చూపీ" అన్నాను.
నవ్వినాడు పెదనాయన.
"నీళ్లు తాగినట్టు తాగుతానని కదా
మీ పెద్దమ్మ తిట్టేది!"

వంచినాడు.
చెంబు అంచు బిందెకు తగిలి
టకటక టకటక
చిన్న గంటలాగా ఆగకుండా మోగింది.
సగం నీళ్లు చెంబులో, సగం ఆయన పాదం మీద.
"పొద్దున ఇంతేలే. ఒక గుక్క పడితే చెయ్యి నిలబడుతుంది."
ఇదే చెయ్యి కదా
కొండచరియకు వేలాడి తుట్టె కోసింది,
పైన తాడు పట్టుకున్న బామ్మర్దికి
ఈలలతో మాట చెప్పింది.
"ఈ ఏడు దిగలేదమ్మీ" అన్నాడు, నేను అడగకముందే.
"వాడు తాడు పట్టనన్నాడు."

మూడో ప్రశ్న నేను అడగలేదు.

గుడిసె వెనక పుల్లలు విరుస్తున్న బయ్యమ్మ పెద్దమ్మ
వచ్చి చెంబు లాక్కుంది.
ఉన్న నీళ్లు పారబోసింది.
చెయ్యి వణకలేదు,
ఒక్క చుక్క బయట పడలేదు.
మెడకు రెండు వేళ్ల కిందికి నింపి నా ముందు పెట్టింది.
"ఇంత. ఆయప్ప పండుకున్నాక.
నన్ను ఎవరూ అడగలేదు ఇంతవరకు."

నొసలు ముడవలేదు నేను. ప్రమాణంగా ముడవలేదు.
మేకుతో చెంబు లోపల రెండు గీతలు గీసి
కొంగులో కట్టుకొని మధ్యాహ్నం ఆటోలో ఆసుపత్రికి పోయినాను.

"స్కోరు ఎంత?" అంది షాహీన్ డాక్టరమ్మ.
చెంబు బల్ల మీద పెట్టినాను.
చూసింది. ఏమీ అనలేదు.
దగ్గు మందు మూతతో గీత దాకా నీళ్లు కొలిచింది,
పెదాలు కదులుతా లెక్కపెట్టింది,
మళ్లీ మొదటి నుంచి కొలిచింది.
"ఆయన్ను ఒక్కసారిగా మానేయమని చెప్పకు,
ఫిట్సు వస్తాయి. ముందు ఇక్కడికి పిల్చుకొని రా.
ఆమెను కూడా. వేరే రోజు, ఒంటరిగా."

సరే అన్నాను.
చెంబు మళ్లీ కొంగులో కట్టుకున్నాను.
పొద్దు మునిగేలోపల ఇచ్చేయాలి,
ఆ ఇంట్లో నీళ్లు తాగేదానికి కూడా
ఉండేది అదొక్కటే.