ఇదొక్కటీ

మొదటి రోజు నోరీన్ రంపం ఇచ్చింది,
పెట్రోలు ఇవ్వలేదు.
"ముందు దాని బరువు తెలియనీ" అంది.
హ్యూవన్ లోయలో జూలై మంచు.
ఉలుకూ పలుకూ లేని రంపాన్ని
చంటిపిల్లలా మోస్తూ పెరడంతా తిరిగాను.

రెండో రోజు నేలమీద ఆనించి,
వెనక పిడిలో బూటు మోపి తాడు లాగడం.
పట్టీ కొసతో కొయ్యకు, ఎగిరి తంతుంది,
నువ్వు అయ్యో అనేలోపే.
భుజం దాటి ఎత్తకు.
దాని దారికి పక్కగా నిలబడు.

మూడో రోజు తన పాత తొడుగు నా కాళ్ళకి కట్టింది.
ఎడమ తొడ దగ్గర చిరుగు,
మొక్కజొన్న పీచులా వేలాడే తెల్ల పోగులు.
"ఎలక కొట్టిందా?" అన్నాను.
నవ్వలేదు.
"చీకటి పడుతోంది. అలిసిపోయి ఉన్నా.
ఇదొక్కటీ కోసేసి పోదామనుకున్నా.
ఆ పోగులే చుట్టుకుని గొలుసుని ఆపాయి."

ఇవాళ జామాయిల్ దుంగలు పదకొండు కోశాను.
కంచె మీద మోచేతులాన్చి
ఆవిడ చూస్తోంది, ఏమీ అనదు.
పన్నెండోది చిన్నదే. నిమిషం పని.
బ్రేకు ముందుకు తోశాను.

రాత్రి చారు కలుపుతుంటే
గరిటె పట్టిన చెయ్యి
ఇంకా రంపంలానే జుమ్మంటోంది.