నూనె పొయ్యరాని చోటు

పొద్దుగాల నాలుగున్నరకు
పాలపాకిట్ల ట్రే కట్టుకొని
గిర్మాజీపేట మలుపుల బ్రేకు పడితే
కీచుమనేది నా సైకిలు,
పెంకు మీద మేకుతో గీసినట్టు.
హాస్టలు పిలగాడు అగ్గువకు ఇచ్చిపోయిన బండి.
డిస్క్ బ్రేకులదని మస్తు మురిసిన.

చప్పుడైతే నూనె పొయ్యాలె,
మా ఇంటి తలుపు నేర్పిన చదువు.
పళ్లెం మీద రెండు చుక్కలేసిన.
కీచు ఆగింది.
బండి ఆగలే.
చౌరస్తాల కూరగాయల తట్టలకు పోయి,
నలిగిన టమాటలకు నూట ఇరవై కట్టిన.

మొగిలి చక్రం ఊడదీసి వాసన చూసిండు.
తిట్టలే.
"తలుపనుకున్నవా తమ్మీ,
ఇది రాపిడి మీద బతికేది" అన్నడు.
ప్యాడ్లను గరుకు కాయితం మీద
మెరుపు పొయ్యేదాక రుద్దిండు.
స్పిరిటు గుడ్డతో పళ్లెం తుడిచి
మళ్ల నన్ను వేలు పెట్టనియ్యలే.
రెండు బోల్టులు వదులు చేసి, బ్రేకు పట్టుమని,
ఆ పట్టు మీదనే బిగించిండు.
ఒక కన్ను మూసి సందుల చూడమన్నడు:
అటు వెంట్రుకంత వెలుతురు,
ఇటు వెంట్రుకంత.

"ఇరవైసార్లు ఉరికించి ఆపు, అప్పుడు మరుగుతది."
శివనగర్ అండర్ బ్రిడ్జి దిగుడుల
పదిహేడు దాక లెక్కపెట్టిన.
మీదికెళ్లి గూడ్సుబండి పోయింది,
ఎన్నో యాది లేదు.

ఇప్పుడు చప్పుడు లేదు.
నా ఊపిరి నాకే ఇనొస్తది.
మూడోనాడు కొంరమ్మ
ఖాళీ బిందెతో అడ్డం నిలవడ్డది:
"పని మానినవా పిలగా?
నీ కూతకే లేస్తుంటి.
రెండు దినాలాయె నల్లా దొరకక."

బెల్లు ఎంతల వస్తదో
మొగిలిని అడగాలె.