పావు చుట్టు

వెట్‌మోర్ దాటేదాకా బాగానే వస్తుంది.
హార్డ్‌స్క్రాబుల్ లోయలో రోడ్డు
కొండ భుజమెక్కే మూడో మలుపు దగ్గర
నిండా తొక్కానా, పొలమారుతుంది.
ఒక దగ్గు. ఒక ఖాళీ.
వెనక వచ్చేవాడి హారను.

మా ఇంట్లో ఎవరికైనా పొలమారితే
ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టేవారు.
ఈ షెవీ ట్రక్కుని తలుచుకునేదెవరు?
తొంభైలో పుట్టింది, నాకంటే రెండేళ్ళు చిన్న.
నాకు ముందు ముగ్గురు నడిపారు.
వాళ్ళలో ఎవరో సీటు కింద
ఒంటి చెవిపోగు వదిలి వెళ్ళారు.

"తలపు కాదు, దాహం" అన్నాడు డెల్ఫీనో ఆర్చులెటా.
ప్యూబ్లోలో మా పక్కింటాయన.
ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉక్కు మిల్లులో
కొలిమి ముందు నిలబడ్డవాడు.
ఇప్పుడు కప్పు పట్టుకుంటే
కాఫీలో చక్కెర దానంతటదే కలిసిపోతుంది.
స్క్రూడ్రైవరు ఆయన చేతికివ్వలేను.
చెవులు ఆయనవి, వేళ్ళు నావి
అనుకుని మొదలుపెట్టాం.

పక్కనున్న గుండ్రటి డొక్కులో ఒక స్ప్రింగు.
అది ఎంత బిగిస్తే
పెట్రోలు అంత ఒత్తిడితో దిగుతుంది.
ఫ్యాక్టరీవాడు దాని మీద బిళ్ళ కొట్టి మూసేశాడు,
మీకెందుకు ఈ సంగతి అన్నట్టు.
నిన్న రాత్రి నా వంటింటి బల్ల మీద
డ్రిల్లు పెట్టి ఆ బిళ్ళ ఊడదీశాం.
పొద్దున పెరుగన్నంలో కూడా పెట్రోలు వాసనే.

గేజి బిగించాం. తొమ్మిది పౌండ్లు.
నేను పగలంతా డయాలసిస్ మెషీన్ల ముందు
ఒత్తిళ్ళు చూసే మనిషిని.
అక్కడ అంకె పెరిగితే అలారం, పరుగు.
ఇక్కడ పెరగాలని మొక్కుకుంటున్నాను.

"పావు చుట్టు" అన్నాడు.
పది.
"ఇంకో పావు."
పదకొండు దాటి ముల్లు కాసేపు తటపటాయించి
కుదురుగా కూర్చుంది.

ఎయిర్ ఫిల్టరు మూత తీసి
టైమింగ్ లైటు పట్టుకున్నాను.
వెలిగి ఆరే ఆ వెలుతురులో
కురుస్తున్న పెట్రోలు ఆగిపోయింది!
చినుకు చినుకూ విడివిడిగా
గాలిలో నిలబడిపోయింది.
ఇందాక లావు బొట్లు, నత్తి మాటల్లా.
ఇప్పుడు సన్నటి మంచు గొడుగు.
డెల్ఫీనో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ వంగాడు.
"కరిగిన ఇనుము చూశాను గానీ," అన్నాడు,
మిగతాది చెప్పలేదు.

పదమూడు. నాకు ఆశ పుట్టింది.
అడక్కుండానే ఇంకో పావు తిప్పాను.
ఆయన ఏమీ అనలేదు.
వెనక్కి నడిచి, పొగగొట్టంలో వేలు పెట్టి,
తెచ్చి నా ముఖం ముందు చూపించాడు.
కాటుక.
వణుకుతున్న వేలి చివర కదలని నలుపు.
తిప్పింది తిప్పినట్టే వెనక్కి తిప్పాను.

"లోపలొక కంప్యూటరుంది, పరమ పిసినారి.
మామూలుగా నడిపినన్నాళ్ళూ
నువ్వు పెంచిందంతా కోసేసి లెక్క సరిచేస్తుంది.
నిండా తొక్కినప్పుడే పద్దు పుస్తకం మూస్తుంది.
అప్పుడు దక్కుతుంది నీ పావు చుట్టు."
అంటే ఈ పనంతా
ఏడాదికి నలభై నిమిషాల కోసమా అన్నాను.
"నాకు తెలిసిన మంచి పనులన్నీ అంతే"
అని పనిముట్లు నన్నే సర్దమన్నాడు.

ఆదివారం. మూడో మలుపు.
పాదం కింద నేల కనిపించేదాకా తొక్కాను.
దగ్గలేదు.
గొంతు తడిసినవాడి పాటలా
ఒకే ఊపిరిలో కొండెక్కింది.
ఎప్పుడూ తొడల కింద దాచుకునే చేతులు
డెల్ఫీనో బయటికి తీసి డాష్‌బోర్డు మీద పెట్టాడు.
ఏది ఇంజను వణుకో
ఏది ఆయన వణుకో
నాకు తెలియలేదు.

దిగి వచ్చేటప్పుడు
పెట్రోలు ముల్లు ఎక్కడుందో ఇద్దరం చూశాం.
ఇద్దరం కిటికీలోంచి బయటికి చూశాం.