కరిచిన చోటు

సోమవారం పొద్దున, ఫెల్గైరాస్‌లో
కొండ మీద మంచు విడవకముందే
మా ఫ్యాక్టరీ గేటులోంచి ఒకావిడ కుంటుకుంటూ వచ్చేది.
గ్రసిందా. మా యజమానురాలు.
కాళ్లకి, ఎవరో తిప్పి పంపిన బూట్లు.

వారం పొడుగునా వెనక్కొచ్చిన జతలన్నీ
గుమ్మం పక్క బల్ల మీదే ఉండేవి.
వాటిని చూడకుండా లోపలికి దారి లేదు.
పాదానికి పట్టిన జత తొడుక్కుని
సాంత కితేరియా కొండెక్కి దిగేది.
ఆమెకి పట్టనివి మాలో ఎవరికి పడితే వాళ్లకి.
నాకు రెండుసార్లు వచ్చింది వంతు.

మేజోడు విప్పి
మడమ మీద లేచిన బొబ్బని చూపించేది
సంతలో గెలుచుకున్న వస్తువులా.
"ఎవరు కుట్టారు?" అని ఆమె అడగ్గా నేను వినలేదు.
"ఇదిగో, ఇక్కడ కరిచింది." అంతే.
అందుకే బెల్మీరా నోరు తెరిచి చెప్పగలిగేది:
"ఆ మడత నాదే. ఆ రోజు పిల్లాడికి జ్వరం."
సూది మార్చేవాళ్లం. తోలు మళ్లీ నానేది.
బ్రగాన్సాలో ఉత్తరాలు పంచే ఒకావిడకి
అదే బూటు విప్పి కుట్టి, మడమలో ఊలు ముక్క పెట్టి పంపితే
నవంబర్లో చెస్ట్‌నట్ కాయల సంచి వచ్చింది.
ముప్పై ఒక్కమందిమి. తలా నాలుగు.
నా వాటాలో ఒకటి పుచ్చు, అయినా తిన్నాను.

ఆమె పోయాక మేనల్లుడు వచ్చాడు, వాల్దెమార్.
చెడ్డవాడు కాదు. అందరికీ ముందే నమస్కారం పెడతాడు.
ముందు బల్ల తీయించాడు, బేరగాళ్లు వస్తే బాగుండదని.
ఆ ఖాళీ గోడకి అద్దాల ఫ్రేము:
"కస్టమరే మా గుండె."
బూట్లు మాత్రం వెనక గేటునుంచి
గోనెసంచుల్లో రావడం మొదలెట్టాయి.
జతకో నంబరు. నంబరుకో మనిషి.
మనిషికి జీతంలో కోత.

చేతులు తొందరగా నేర్చుకుంటాయి.
నంబరు ఏ మడతలో వేస్తే కనపడదో,
జిగురు ఎంత పూస్తే పగులు నెలదాకా ఆగుతుందో.
బెల్మీరా మాట్లాడ్డం మానేసింది.
ఆ నిశ్శబ్దాన్ని ఆయన క్రమశిక్షణ అనుకున్నాడు.

మొన్న సోమవారం సంచిలోంచి ఒక జత తీశాను.
నాకు బాగా పెద్దవి.
ముందు పాత పేపరు కుక్కుకుని కొండెక్కాను.
మూడో మలుపులో పట్టుకుంది ఎడమ మడమని,
కుక్కపిల్ల పళ్లతో, వదలకుండా.
దిగొచ్చేసరికి గేటు దగ్గర ఆయన కారు.
అద్దం దించాడు.
"టైమెంతయిందో..."
నేను అప్పటికే మేజోడు విప్పుతున్నాను.

చాలాసేపు చూశాడు.
చిన్నప్పుడు సెలవులకొచ్చినప్పుడు
ఆ బల్ల కింద ఆడుకునేవాడట, ఎవరో చెప్పారు.
"నంబరెంత?" అన్నాడు.
"పదిహేడు. నేనే కుట్టాను."
"అది కాదు. బూటుది."
"నలభై మూడు."

ఇంజను ఆపాడు.